పొయ్యి రాయి కింద

“ముప్ఫై ఏడు,” అంది నిల్దా. “ఇంకా మూడున్నాయి. అలమర కింద చూడు. చూస్తున్నావా, నిద్రపోతున్నావా?”

తిబుర్సియో నేల మీద బోర్లా పడుకుని అలమర కిందికి చెయ్యి పోనిచ్చాడు. వెచ్చటి బొచ్చు వేళ్లకు తగిలి జారిపోయింది. కూయ్, కూయ్ అని అరుస్తూ ఆ జంతువు గోడ వెంబడే మూలకు పరుగెత్తింది.

నిన్నటిదాకా ఈ కూయిలన్నీ పాత వంటింట్లో ఉండేవి. కుందేలు పిల్లంత ఒళ్లు, పొట్టి చెవులు, తోక లేదు. పొయ్యి పక్కన వెచ్చగా పెరిగి, దుంపల తొక్కలు తిని, పండగనాడు పెనం మీదికి ఎక్కడమే వాటి బతుకు. ఇవాళ పొద్దున్న అవి గోతాంలో వాకిలి దాటి, సున్నం వాసన పోని కొత్త వంటింట్లో దిగాయి. గోతాన్ని నాలుగైదు విడతలుగా మోసుకొచ్చి మూతి విప్పింది తిబుర్సియో తల్లి హసింతా.

విప్పిన మనిషి ఇప్పుడు వంటింటి మధ్యన, పొయ్యి రాయి మీద కూర్చుని ఉంది. కుడిచేతి కింద కదురు తిరుగుతోంది. ఎడమ మణికట్టుకు చుట్టుకున్న తెల్లటి ఉన్ని సన్నటి దారమై దిగుతోంది. కాళ్ల సందులోంచి ఒక కూయి దూసుకుపోయినా ఆమె కాలు తీయలేదు.

నిల్దా చీపురు నేలకేసి కొట్టింది.

“మూడింటికి వాళ్లొస్తారు. ఈ గచ్చు ఎన్నిసార్లు కడిగానో నా మోకాళ్లకి తెలుసు. ఇప్పుడు చూడు, అంతా పెంటికలే. అత్తా, నీకు నా మీద కోపముంటే నా నెత్తిన కుమ్మరించు. వంటిల్లేం చేసింది నిన్ను?”

“చలికి వణుకుతున్నాయి. వెచ్చగా ఉంటాయని తెచ్చా.”

“వెలిగించని పొయ్యి దగ్గర వెచ్చదనమా?”

“వెలిగించనిది ఎవరు? నువ్వే కదా. ఎవరో దేశం కాని దేశం నుంచి వస్తే గానీ నిప్పు పెట్టనంటున్నావు. ఇంట్లోవాళ్లకి పనికిరాని పొయ్యి పొయ్యేనా?”

నిల్దా ఒక మూల నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. రాయి దగ్గరికి వచ్చేసరికి అత్త పాదాల చుట్టూ ఊడ్చింది, పాదాలకు చీపురు తగిలేలా.

“ఏం తింటారట వాళ్లు?” హసింతా కోడల్ని కాదు, కదురుని అడిగినట్టు అడిగింది. “మాంసం వద్దు. గుడ్డు వద్దు. ఉల్లిపాయ వద్దు. పోనీలే అనుకుందాం. దుంప కూడా వద్దట! మట్టిలో ఊరింది ముట్టరట. ఈ కొండల్లో దుంప లేకుండా ఒక్క పూట గడిపిన మనిషిని నేను చూళ్లేదు. మట్టంటే అంత అసహ్యమున్న వాళ్లకి వంటెందుకు? కూయిల గడ్డి మిగిలింది, అది పెట్టు.”

“గడ్డి పెట్టినా తిని, దండం పెట్టి పోతారు వాళ్లు. నీకు ఎనిమిదేళ్లుగా వండి పెడుతున్నా. బాగుందన్న మాట ఒక్కనాడు నీ నోట రాలేదు.”

“బాగుంటే అనేదాన్ని.”

తిబుర్సియో మూలనున్న దాన్ని మెడ దగ్గర పట్టుకుని గోతాంలో వేశాడు. అలమర వెనక ఇంకొకటి దొరికింది. వీళ్లిద్దరి మధ్య మాట్లాడటం మానేసి అతనికి చాలా కాలమైంది. ఏమన్నా అది ఎవరో ఒకరి వైపు మాటే అవుతుంది.

ఈ వంటిల్లు నిల్దా ఆలోచన. ఊరుబంబా పట్నంలో హోటల్ దుప్పట్లు ఉతికేటప్పుడు ఆమె చూసింది. కొండ మీది పాత కోట చూడటానికి లోకమంతా వస్తోంది. భారతదేశం నుంచి కూడా ఏటికేడు ఎక్కువమంది వస్తున్నారు. వాళ్లలో కొందరు మాత్రం హోటల్ భోజనం ముట్టరు. బస్సులో కూర్చుని రొట్టే అరటిపండూ తిని కాళ్లీడ్చుకుంటూ పోతారు. వాళ్లు నమ్మి అడుగుపెట్టే వంటిల్లు ఈ లోయలో ఒక్కటీ లేదు. అది ఎవరు కడితే బస్సు వాళ్లింటి ముందే ఆగుతుంది. ఆ మాట మీద కాడెద్దులు పోయాయి, హోటల్ పని పోయింది, గోడలు లేచాయి.

నిల్దా చీపురు గోడకు ఆనించి, అలమర మీంచి ఒక కాగితం తీసింది.

“ఆఖరిసారి అడుగుతున్నా అత్తా. వేలిముద్ర వేస్తావా, వెయ్యవా?”

ఆ కాగితంలో ఒకటే మాట ఉంది. చచ్చిన జీవి ఏదీ, ముక్కగా గానీ మొత్తంగా గానీ, ఈ వంటింటి గడప దాటి లోపలికి రాలేదని. కింద రెండు గీతలు. ఇల్లాలి గీత మీద నిల్దా గుండ్రటి అక్షరాలున్నాయి. ఇంటి పెద్దావిడ గీత పది రోజులుగా ఖాళీగా ఉంది.

“వెయ్యను.”

“ఎందుకని?”

“వెయ్యను.”

“చచ్చినవి రాలేదు కదా! బతికున్నవి తెచ్చావు, అదీ ఇవాళే. వేలు కాస్త సిరాలో ముంచితే నీ సొమ్మేం పోతుంది?”

హసింతా తలెత్తి కొడుకు వైపు చూసింది. ఒక్క చూపు. మళ్లీ కదురు తిప్పుకుంది.

ఆ చూపుకు తిబుర్సియో చేతిలోని గోతాం బరువెక్కింది. కూయిల్ని ఎందుకు తెచ్చి వదిలిందో అతనికి అప్పుడు తెలిసింది. అబద్ధం మీద వేలు పెట్టడం ఆమెకు చేతకాదు. కొడుకుని కోడలి ముందు నిలబెట్టడమూ ఇష్టం లేదు. అందుకని అసలు ఈ కాగితమే పనికిరాకుండా పోయే దారి వెతుక్కుంది.

నిల్దా కాగితం మడిచి రవికలో దోపుకుంది. రెండు బకెట్లు చేతికి తీసుకుని, గడప దగ్గర ఆగి, భర్తతో అంది.

“ఇవాళ వాళ్లు కాదని పోయారనుకో, రేపు నేను ఊరుబంబా పోతా. దుప్పట్లు ఉతికే పని ఎప్పుడైనా ఇస్తారు. ఆదివారానికి వస్తానని మాత్రం అనుకోకు. ఎప్పటికీ అనుకోకు.”

ఆమె అడుగుల చప్పుడు కుళాయి వైపు దూరమైంది.

“చెప్పరా దానికి,” అంది హసింతా.

“ఇప్పుడా?”

“ఆగస్టులోనే చెప్పాల్సింది. చచ్చింది ఏదీ గడప దాటలేదంటోంది ఆ కాగితం. నేను కూర్చున్న రాయి కింద ఏముందో నీకు తెలుసు, నాకు తెలుసు.”

ఆగస్టులో భూమితల్లి నోరు తెరుస్తుంది. ఆమెకు పెట్టకుండా కొత్త పొయ్యి వేసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. పొయ్యి కింద ఏమీ పెట్టొద్దని నిల్దా ముందే చెప్పింది. ఇద్దరూ తలూపారు. ఆమె హోటల్లో ఆఖరి వారం పని చేస్తుండగా ఇద్దరూ కలిసి గుంట తీశారు. కోకా ఆకు, మొక్కజొన్న, మిఠాయి, వాటి మీద గుడ్డలో చుట్టిన ఎండిన పిల్ల, ఉన్ని కోసం పెంచే లామాది. నెలలు నిండకుండా తల్లి కడుపులోంచి దానంతట అది జారినదే ఉండాలి. కత్తి తగిలినది పెడితే భూమితల్లి ఉమ్మేస్తుందని, ఆ ఇంట్లో పొయ్యి మండదని హసింతా మాట. అందుకే కొడుకుని పైకొండకు, తన అన్న కసిమీరో మంద దగ్గరికి పంపింది. ఎక్కడానికి ఒక రోజు, దిగడానికి ఒక రోజు. రెండో రోజు సాయంత్రం తిబుర్సియో మూటతో వచ్చాడు. మామ నీకిమ్మన్నాడని ఇంత తెల్ల ఉన్ని కూడా తల్లి ఒళ్లో పెట్టాడు.

మోకాళ్లు పోయాక హసింతా పదకొండేళ్లుగా అన్నను చూడలేదు. ఆ రోజు ఉన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. “మా అన్న మందదే,” అంది తర్వాత.

ఇప్పుడు ఆమె వడుకుతున్నది ఆ ఉన్నే. తిబుర్సియో దాని వైపు చూడడు.

“మా అన్న మంచి మనసుతో ఇచ్చినది. దొంగతనం చేసి తెచ్చామా? అందులో దాచుకునేంత సిగ్గేముందిరా?”

“అమ్మా, ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకో. నీ కాళ్లు పట్టుకుంటా.”

“నా నోరు మూసే ఉంది. వేలు మాత్రం అడక్కు.”

బయట బండి హారన్ మోగింది. నిల్దా నీళ్లు ఒలికిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తుకొచ్చింది. తిబుర్సియో గోతాం మూతి కట్టి వెనక తలుపు అవతల పడేశాడు.

ముందు గ్రిమనేసా వచ్చింది. కుస్కోలో యాత్రల ఆఫీసు నడిపే మనిషి. ఎత్తు బూట్లు, చేతిలో ఎప్పుడూ ఫోను. ఆమె వెనక బక్కపల్చటి ముసలాయన, తెల్ల చొక్కా, చెవులదాకా దిగిన టోపీ. మన్‌హర్ వోరా. గుజరాత్ నుంచి వచ్చే యాత్రికుల గుంపులకు ముందుగా వచ్చి వంటిళ్లు చూసేది ఆయనే. ఆయన సరేనంటే వంటవాళ్లు వస్తారు, వాళ్ల వెనక బస్సులు వస్తాయి. కొండగాలి అందక నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు.

గడప దగ్గర ఆయన వంగి బూట్లు విప్పాడు.

ఈ ఊళ్లో వంటింటి కోసం బూట్లు విప్పిన మనిషి లేడు. చూశావా అన్నట్టు నిల్దా అత్త వైపు చూసింది. హసింతా ఆ పాదాల వైపు చూసి, “గచ్చు చల్లగా ఉంది, పట్టేస్తుందని చెప్పండి,” అంది.

వోరా గిన్నెల మూతలెత్తి వాసన చూశాడు. అలమర అడుగున వేలితో రాసి, వేలిని వెలుగులో పెట్టి చూశాడు. కట్టెల మోపు దగ్గరికి వచ్చేసరికి అందులోంచి ఏదో కూయ్‌మంది.

నలభయ్యోది.

నిల్దా మొహంలో రక్తం లేదు. గ్రిమనేసా పళ్ల మధ్య నుంచి, “ఇదేంటి నిల్దా?” అంది. వోరా మోకాళ్ల మీద కూర్చుని కట్టెల సందులోకి తొంగి చూశాడు. చూసి నవ్వాడు. ఏదో అన్నాడు.

“బతికున్నది ఉంటే తప్పు లేదంటున్నారు,” గ్రిమనేసా ఊపిరి వదిలింది. “దాన్ని చంపకుండా ఉంటే చాలట.”

హసింతా కదురు మొదటిసారి ఆగింది. “చంపకపోతే పెంచడమెందుకో అడుగు.”

గ్రిమనేసా ఆ మాట ఆయనకు చెప్పలేదు.

వోరా లేచి, రాయి మీద కూర్చున్న పెద్దావిడకు చేతులు జోడించాడు. ఆమె చేతులు జోడించలేదు.

“ఈయన్ని ఒకటి అడుగు తల్లీ. మట్టిలో పండింది ఎందుకు తినరు? మా మట్టి మురికిదా?”

“అత్తా!” నిల్దా గొంతు తెగిపోయేలా అరిచింది. కానీ ఆయన అప్పటికే గ్రిమనేసా మొహం చూస్తున్నాడు. తప్పక ఆమె అడిగింది. జవాబు తిప్పి చెప్పింది.

“మురికని కాదట. దుంప పీకితే మొక్క చస్తుంది, దాన్ని అంటిపెట్టుకున్న ఎన్నో ప్రాణాలు పోతాయి. భూమికి గాయం చెయ్యకుండా ఎంత తక్కువ తీసుకుంటే అంత మంచిదని వాళ్ల పెద్దలు నేర్పారట.”

“తీసుకున్నాక తిరిగి పెట్టాలి. పెట్టకుండా తక్కువ తీసుకున్నా అది దొంగతనమే. వాళ్లేం పెడతారు?”

వోరా జవాబును గ్రిమనేసా తిప్పి చెప్పింది.

“తీసుకోకుండా ఉండటమే వాళ్లు పెట్టేదట.”

“పిసినారి మాట,” అంది హసింతా.

దీన్నీ గ్రిమనేసా తనలోనే ఉంచుకుంది. గడియారం చూసుకుని పనిలో పడింది. వంటవాళ్ల ఇనుప పొయ్యి బండిలోనే ఉంది. పెద్దది, నేలకు బిగించాలి. పొగగూడు కింద తప్ప ఇంకెక్కడా కుదరదు. ఆమె బూటు మొనతో రాయిని చూపించింది.

“ఇది తీసేయాలి. ఇప్పుడే తీస్తే బిగించేసి పోతాం. కాగితం ఇవ్వు నిల్దా.”

“ఒక్క నిమిషం మేడం. ఇప్పుడే తీసేస్తాడు.” నిల్దా వాకిట్లోకి ఉరికి గడ్డపార తెచ్చింది. భర్త చేతిలో పెట్టింది. “తవ్వు.”

గడ్డపార చేతిలో ఉంది. రాయి మీద తల్లి ఉంది.

“అత్తా, లే.”

“లేవను.”

“నీ రాయిని వాకిట్లో వేయిస్తా. దాని మీదే కూర్చుని చచ్చేదాకా వడుక్కో. ఎవరొద్దన్నారు? ముందు లే!”

“లేవను.”

“ఏమయ్యా, చెప్పవేం? నీకు నోరు లేదా? ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అరవాలా?” నిల్దా అత్త రెక్క పట్టుకుంది. “ఇన్నాళ్లూ ముసలిదానివని ఊరుకున్నా...”

“అమ్మని వదులు,” అన్నాడు తిబుర్సియో.

నిల్దా తిరిగి చూసింది.

“రాయి కింద లామా పిల్ల ఉంది.”

చెయ్యి దానంతట అది వదిలేసింది. నిల్దా కాసేపు అతని నోటి వైపే చూసింది, ఇంకో మాట వస్తుందేమోనని.

“ఎప్పుడు?”

“ఆగస్టులో. నువ్వు హోటల్లో ఉన్న వారం.”

“నేను సంతకం పెట్టేటప్పుడు పక్కనే ఉన్నావు.”

“ఉన్నా.”

“పెన్ను ఇచ్చింది నువ్వే.”

అతను తల దించుకున్నాడు.

వాళ్లు మాట్లాడుకున్నది తమ కొండమాటలో. వోరాకు అర్థం కాలేదు. గ్రిమనేసాకు అయింది. ఆమె అమ్మమ్మది పక్క లోయే. ఏమంటున్నారని ఆయన అడిగితే ఆమె వెంటనే తిప్పి చెప్పలేదు. నిల్దా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

“ఏం చెప్పమంటావ్? రాయి బరువెక్కువ, రేపు మనుషుల్ని పెట్టి తీస్తారని చెప్తా. రాత్రికి అదేదో తీసి అవతల పారేయండి. నేనేం వినలేదు.”

నిల్దా రవికలోంచి కాగితం తీసింది. మడత విప్పి తన గుండ్రటి అక్షరాలు చూసుకుంది. తిబుర్సియో ఆమె వేళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ సంతకం నేర్చుకోవడానికి ఆమె హోటల్ బిల్లుల వెనక ఎన్ని సాయంత్రాలు రాసిందో అతనికి తెలుసు.

“ఉన్నదున్నట్టు చెప్పండి మేడం,” అంది నిల్దా. “అడుగున ఉన్న పేరు నాది. వీళ్లది కాదు.”

హసింతా కోడలి మొహం వైపు సూటిగా చూసింది.

గ్రిమనేసా చెప్పింది. వోరా విన్నాడు. ఆయన బూట్ల వైపు వెళ్లలేదు. రాయికి ఎదురుగా గచ్చు మీద చతికిలబడి కూర్చున్నాడు. కట్టెల మోపులో కూయి పళ్లతో కట్టె గీరుతోంది. ఆయన ఒక ప్రశ్న అడిగాడు.

“దాన్ని చంపారా, దానంతట అది పోయిందా అని అడుగుతున్నారు,” గ్రిమనేసా అంది. “చంపింది అయితే ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేరట. దానంతట అది పోయినదైతే వేరే సంగతి. ఆ రాయిని కదిలించొద్దట. దానికో దండం పెట్టి, ఇనుప పొయ్యి వాకిట్లో పందిరి కింద వేయిస్తారట. కాగితంలో కూడా ఆ మాటే రాయిస్తారట.”

నిల్దా గోడకు చెయ్యి ఆనించుకుంది. హసింతా మొహం వెలిగింది.

“అదేగా నేననేది! కత్తి తగిలింది నేను పెట్టనిస్తానా? దానంతట అది జారింది. మా అన్న కసిమీరో మందలోది. వీడే రెండు రోజులు నడిచి తెచ్చాడు. పెద్దాయన మంచోడే, అడగాల్సింది అడిగాడు. చెప్పరా!”

“చెప్పు,” అంది నిల్దా. గొంతులో కోపం ఉంది, కోపం కింద ఆశ ఉంది. “ఇదైనా నిజం చెప్పు.”

పెళ్లయిన ఇన్నేళ్లలో తల్లీ పెళ్లామూ ఒకే మాట కోసం అతని వైపు చూడటం ఇదే మొదటిసారి. ఔనంటే చాలు. రాయి కదలదు, బస్సు వస్తుంది, నిల్దా ఊరుబంబా పోదు. ఎవరూ కొండెక్కి కసిమీరోని అడిగి రారు.

ముసలాయన గచ్చు మీంచి అతన్నే చూస్తున్నాడు. చల్లటి గచ్చు మీద ఒట్టి పాదాలు.

“నేను కొండెక్కలేదమ్మా.”

హసింతాకు అర్థం కాలేదు. “ఏంటి?”

“మబ్బు పట్టింది. ఇటుకలు పచ్చిగా ఉన్నాయి. రెండు రోజులు పోతే ఎక్కడ వాన పడి గోడ కరిగిపోతుందోనని... ఊరుబంబా పోయా. కబేళా వెనక ఒకామె అమ్ముతుంది. అక్కడ కొన్నా. ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడొచ్చా.”

“అది జారినదేనేమో,” నిల్దా గబగబా అంది. “అడిగావా ఆమెని?”

“అడగలేదు.” గడ్డపార వైపు చూస్తూ అన్నాడు. “గుడ్డ చుట్టేటప్పుడు పొట్ట దగ్గర కత్తి గాటు కనిపించింది. అందుకే అడగలేదు.”

గ్రిమనేసా తిప్పి చెప్పడం ఎవరికీ వినపడలేదు. వోరా కళ్లు మూసుకున్నాడు.

హసింతా మణికట్టు వైపు చూసుకుంది. మిగిలింది పిడికెడే. తక్కినదంతా మూడు నెలలుగా దారమై, కదురు మీద ఉండలై, ఆమె నడుముకు చుట్టుకున్న పట్టీ అయింది.

“మరి ఈ ఉన్ని?”

తిబుర్సియో మొదటిసారి దాని వైపు చూశాడు.

“అదీ సంతలోదే.”

ఆమె మణికట్టు నుంచి ఉన్నిని ఒక్కొక్క చుట్టే విప్పింది. నేల మీద పడేసింది. కదురు దాని పక్కన పెట్టింది. తర్వాత, పొద్దుటి నుంచి ఎవరు లాగినా కదలని మనిషి, మోకాళ్ల మీద చేతులు ఆనించి రాయి మీంచి లేచింది. కొడుకు చేతిలోంచి గడ్డపార తీసుకుంది.

“జరుగు. కత్తి తగిలింది దీని కింద ఉండకూడదు,” అంది కొడుకుతో. ఆ తర్వాత, కోడలు ఈ ఇంటికొచ్చిన ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచింది. “నిల్దా, ఆ చివర పట్టు.”

నిల్దా భర్త వైపు చూసింది. చేతులు పావడాకు తుడుచుకుంది. వచ్చి అత్త పక్కన నిలబడి పట్టుకుంది.

రాయి మొదటి కుదుపుకే కదిలింది.